కోతకీ దుక్కికీ మధ్య

మా అమ్మమ్మగారి ఊరు గుడివాడకీ కైకలూరుకీ మధ్యలో ఉంటుంది. సంక్రాంతి సెలవులకి మేం వెళ్ళేసరికి సార్వా కోతలైపోయి చేలు మోళ్ళతో ఉండేవి. అప్పుడు వచ్చేవి బాతులు. ముందు వాటి గోల వినిపించేది. కాసేపటికి కాలవగట్టు మలుపు దగ్గర గోధుమరంగు బారు ఒకటి అటూ ఇటూ ఊగుతూ కనపడేది. ఆరేడు వందలు ఉండేవేమో. వెనకాల ఒక మనిషి, పక్కన ఇంచుమించు నా వయసు కుర్రాడు. వాడి చేతిలో పొడుగాటి వెదురుగడ, గడ కొసన ఒక గుడ్డపేలిక. వాడు దాంతో ఏ బాతునైనా కొట్టగా నేను చూడలేదు. గడని గాల్లో ఒక పక్కకి చాపేవాడు, అంతే, బారు మొత్తం రెండో పక్కకి ఒంగేది.

నాలుగైదేళ్ళు వరసగా చూశాను వాణ్ణి. ఒకసారి లాకుల దగ్గర నిలబడి చూస్తుంటే దగ్గరకొచ్చి, ఇంకా వెచ్చగా ఉన్న బాతుగుడ్డు నా అరచేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. పేరు మాత్రం నేను అడగలేదు. మా ఇంట్లో వాళ్ళ నాన్నని "బాతులోడు" అనేవారు, వాణ్ణి "బాతులోడి పిల్లోడు" అనేవారు. మా తాతయ్యకి ఊళ్ళో ప్రతివాడి ఇంటిపేరూ, వాళ్ళ తాత చేసిన అప్పులూ కూడా తెలుసు. ఏటా తన చేలో దిగే మనిషి పేరు మాత్రం ఆయనకీ తెలీదు.

ఈ మధ్య డెల్టా చరిత్ర మీద దొరికినవన్నీ చదువుతున్నాను. ఆనకట్టలున్నాయి, కాలవలున్నాయి, కమ్మ రైతులూ కాపు రైతులూ ఉన్నారు, పొగాకు ఉంది, సినిమాకి వెళ్ళిన డబ్బు ఉంది. బాతుల కోసం వెతుక్కుంటూ వెళ్తే మాత్రం ఖాళీ చేతులతో రావాల్సి వస్తోంది.

కోడికి చరిత్ర ఉంది. పల్నాటి యుద్ధాన్ని కోడిపందెం లేకుండా ఎవరూ చెప్పరు. ఆవుకి ఉంది. కాటమరాజు కథ మొత్తం పశువుల మేత దగ్గర వచ్చిన గొడవే. నెల్లూరి సీమలో ఆలమందల్ని మేపుకున్నందుకు కట్టాల్సిన పుల్లరి దగ్గర పేచీ వచ్చి, 13వ శతాబ్దంలో పంచలింగాల దగ్గర ఖడ్గతిక్కనకీ కాటమరాజుకీ యుద్ధం జరిగిందని కథ. గొల్లలకి అది తమ కథ. ఇక హంస సంగతి సరేసరి. నలదమయంతుల మధ్య రాయబారం దగ్గర్నుంచి పాలనీ నీళ్ళనీ వేరుచేయడం దాకా కావ్యాల్లో దానికి చేతినిండా పని. దాని దగ్గరి చుట్టమే అయిన బాతుకి కావ్యంలో కాలు పెట్టే యోగం లేకపోయింది. బురదలో తిరిగేదాన్ని ఎవరు రానిస్తారు?

మాట వరసకి మాటలు కూడా చూశాను. అరబ్బీలో బత్, హిందీలో బతఖ్, తమిళంలో వాత్తు, పోర్చుగీసులో పాతు, మనకి బాతు. మలయాళీలు తారావు అని వేరే దారి పట్టారు. ఏది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో తేల్చే పని భాషావేత్తలది. బాతాఖానీలో ఉన్నది మాత్రం ఈ బాతు కాదు, హిందీ మాటల బాత్. ఈ ముక్క చెప్పకపోతే ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

కథల్లో లేకపోతే లెక్కల్లోనైనా ఉండాలి. మన దేశంలో పశుగణన 1919లోనే మొదలైంది, సుమారు అయిదేళ్ళకోసారి జరుగుతుంది. బాతుల్ని కూడా లెక్కపెడతారు. బెంగాల్, అస్సాం ఎప్పుడూ ముందుంటాయి. కానీ ఆ లెక్క ఇంటింటికీ తిరిగి రాసుకునేది. ఏడాదిలో సగం రోజులు ఎవరివో చేలల్లో, ఏ జిల్లాలోనో వలకట్టు వేసుకుని పడుకునే గుంపుని ఏ ఊరి ఖాతాలో రాస్తారు? ఇల్లు కదలదన్న నమ్మకం మీద నడిచే లెక్క అది.

ఇంట్లో పెంచే బాతులు వేరు, చేలమ్మట తిరిగే బాతులు వేరు. ముందు ఇంటి బాతుల సంగతి చెప్తాను, ఎందుకంటే అది మా అమ్మమ్మ పరిశ్రమ. ఆవిడకి ఎప్పుడూ ఎనిమిదో పదో బాతులుండేవి. మేత ఖర్చు దాదాపు లేదు. తవుడు, మిగిలిన అన్నం, చెరువులో దొరికే నత్తలు, నాచు. ఒకటే షరతు, మేత పక్కన నీళ్ళుండాలి. బాతు పొడిమేత మింగలేదు, ముక్కు ముంచి కడుక్కుంటూ తినాల్సిందే. గుడ్లు తెల్లవారుజామున పెడుతుంది. తొందరపడి తలుపు తీస్తే చెరువు గట్టున ఏ తూటాకుల్లోనో పెట్టేసి వస్తుంది. అందుకని బాగా పొద్దెక్కేదాకా అమ్మమ్మ గూడు తెరిచేది కాదు. లోపల అవి ఎంత గోల పెట్టినా సరే. ఆ గోలంతా ఆడబాతులదే. మగబాతుకి గొంతు పెగలదు, బొంగురుగా ఏదో గొణుక్కుంటుంది. తోక మీద ఉంగరం తిరిగిన ఈకని బట్టి దాన్ని గుర్తుపట్టొచ్చు.

మనుషుల దగ్గర తరతరాలుగా పెరిగీ పెరిగీ బాతు పొదగడం చాలావరకు మర్చిపోయింది. అందుకని బాతుగుడ్లు నాటుకోడి కింద పొదగేసేవారు. కోడిగుడ్డుకి 21 రోజులైతే బాతుగుడ్డుకి 28. ఆ వారం రోజులు ఎక్కువ కూర్చోబెట్టడానికి కోడిని బతిమాలాలి. గూట్లోంచి లేవకుండా దాని ముక్కు దగ్గరే నూకలూ నీళ్ళూ పెట్టేది అమ్మమ్మ. పిల్లలు బయటికొచ్చాక ఇంకో చిక్కు. తల్లిబాతు ఒంటినూనె అంటుకోని పిల్లలు నీళ్ళల్లో దిగితే తడిసి, చలికి చచ్చిపోతాయి. కాబట్టి పుట్టుకతోనే ఈత వచ్చినవాటిని నీళ్ళకి దూరంగా కాపలా కాయాలి. నా చిన్నప్పటి ఉద్యోగాల్లో అదొకటి. ఎప్పుడో కళ్ళుగప్పి కాలవలో దిగిపోయేవి. గట్టు మీద కోడి పడే హైరానా చూసి మేం నవ్వేవాళ్ళం. అమ్మమ్మ నవ్వేది కాదు.

ఆ గుడ్ల డబ్బులు ఆవిడవి. తాతయ్య వడ్ల డబ్బులో ఆవిడకి ఎప్పుడూ లెక్క తెలీదు. చేలోంచి వచ్చేది ఏటా రెండుసార్లే చేతికొస్తుంది, అదీ ఆవిడ చేతికి కాదు. బాతుగుడ్డు రోజూ వస్తుంది. మా అమ్మ టైపు పరీక్ష ఫీజు బాతుగుడ్లతో కట్టారని మా ఇంట్లో ఒక చరిత్ర. దీనికీ కాగితం లేదు.

ఇక చేలమ్మట తిరిగేవి. అసలు అంత పెద్ద గుంపుల్ని మేపడానికి మేత ఎక్కడిది? అక్కడే డెల్టా చరిత్ర మొదలవుతుంది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. అంతకు ఇరవయ్యేళ్ళ ముందే, 1833లో, డొక్కల కరువుకి గుంటూరు సీమ ఎండిపోయింది. కాటన్ కాలవలు తవ్వించాక నేల మీద నీళ్ళకి ఒక క్యాలెండరు వచ్చింది. జూన్‌లో కాలవలు వదులుతారు. నవంబరు, డిసెంబరుల్లో సార్వా కోతలు. నీళ్ళుంటే దాళ్వా, దాని కోతలు ఏప్రిల్‌లో. తర్వాత కాలవలు కట్టేస్తారు. ఎకరాలకి ఎకరాలు ఒకే పంట, ఇంచుమించు ఒకేసారి కోత. ఆ కోత అయ్యాక, మళ్ళీ నాగలి దిగేలోపు, కొన్ని వారాల ఖాళీ.

నాకు తట్టినదేమిటంటే, డెల్టా బాతుల చరిత్ర అంటే ఆ ఖాళీ చరిత్రే.

చేను రైతుది. పంట రైతుది, కొంత కౌలుదారుది. కానీ కోత అయిపోయాక నేల మీద రాలిన గింజ ఎవరిది? దీనికి చట్టం ఏమీ లేదు, అలవాటు ఉంది. పనలు చేలోంచి లేపాక మాలపల్లె, మాదిగపల్లెల ఆడవాళ్ళూ పిల్లలూ పరిగె ఏరుకునేవాళ్ళు. రాలిన వెన్నులు ఒడిలో వేసుకుంటూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగి నడిచేవాళ్ళు. యానాదులు గట్ల వెంట ఎలుకబొరియలు తవ్వేవాళ్ళు. కుండలో పొగబెట్టి ఎలకల్ని పట్టి, అవి దాచుకున్న వడ్లు కూడా తీసుకునేవాళ్ళు. రైతు దాన్ని దొంగతనం అనుకోలేదు, పైగా ఎలకలు పట్టినందుకు కూలి కూడా ఇచ్చేవాడు. వీళ్ళందరూ వదిలేసిన గింజ, వీళ్ళెవరికీ పనికిరాని నత్త, పురుగు, కప్పపిల్ల, గడ్డిగింజ బాతుకి. కోత తర్వాత చేను ఇలా అంచెలంచెలుగా చేతులు మారేది. సంక్రాంతికి మేం చూసే బోసిచేను నిజానికి బోసిది కాదన్నమాట.

బాతులోడు ముందురోజే వచ్చి తాతయ్యతో మాట్లాడుకునేవాడు. అరుగు కింద నిలబడి, కండువా చేత్తో పట్టుకుని. వాళ్ళది నెల్లూరు పక్క యాస, మధ్యలో అరవం ముక్కలు పడేవి. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అయ్యా, గుళికలేమన్నా ఏశారా?" పురుగుకి చల్లే విషపు గుళికలున్న చేలో బాతు దిగితే సాయంత్రానికి గుంపులో సగం ఉండదు. తాతయ్య లేదనేవాడు. అతను అయినా చేలోకి వెళ్ళి, గట్టు పక్క నీళ్ళల్లో నత్తలు కదులుతున్నాయో లేదో చూసుకుని వచ్చేవాడు. ఆ నమ్మకం లేకపోవడాన్ని తాతయ్య తప్పుపట్టలేదు.

తర్వాత బేరం. మా చేలో మేపుకున్నందుకు రోజుకిన్ని గుడ్లు. రాత్రి వలకట్టు మా చేలోనే వేస్తే తక్కువ గుడ్లు, ఎందుకంటే రాత్రంతా పడే రెట్ట చేనుకి ఎరువు. పుల్లరి అన్న మాట ఎవరూ వాడలేదు గానీ అదే. కాటమరాజు కత్తి పట్టిన చోట బాతులోడు రెండు డజన్ల గుడ్లు పట్టుకొచ్చేవాడు. పక్కవాడి పైరులోకి బాతులు జారితే మాత్రం గొడవే. గట్లు తొక్కి పాడుచేశాయనీ, బోదె పూడిందనీ రెండు గుడ్లు ఎక్కువ అడిగేవాళ్ళూ ఉండేవాళ్ళు.

ఆ గుడ్డపేలిక కట్టిన గడ గురించి ఇక్కడొక మాట. ఇండోనేషియాలోని బాలి దీవిలో కూడా బాతులు తోలేవాళ్ళు కొసన గుడ్డో ఈకలో కట్టిన వెదురుగడే వాడతారు. చేలో దాన్ని పాతి వెళ్ళిపోతే సాయంత్రం దాకా గుంపు దాని చుట్టుపక్కలే మేస్తుందట. అక్కడి బాతులు నిటారుగా నడుస్తాయి. వాలెస్ తన మలయ్ ద్వీపాల పుస్తకంలో (1869) లంబోక్ దీవిలో వాటిని చూసిన సంగతి రాశాడు. ఆ జాతిని ఇంగ్లండు తీసుకెళ్ళి 'ఇండియన్ రన్నర్' అని పేరు పెట్టారు, ఇండియాకి ఏ సంబంధం లేకపోయినా. ఆ రన్నర్‌తో ఇంకో రెండు రకాల్ని కలిపి 19వ శతాబ్దం చివర్లో గ్లాస్టర్‌షైర్‌లో కాంప్‌బెల్ అనే ఆవిడ తయారుచేసిన జాతి ఖాకీ కాంప్‌బెల్. ఏడాదికి మూడొందల గుడ్లకి దగ్గరగా పెడుతుంది. ఇప్పుడు మన పశుసంవర్ధక శాఖలు ఇచ్చేది ఎక్కువగా ఆ పిల్లల్నే. రంగు బ్రిటిష్ సిపాయి యూనిఫారంలా ఉండాలని ఆవిడ ముచ్చటపడిందని అంటారు. అన్ని గుడ్లు పెట్టాలంటే దానికి మంచి మేత కావాలి. రాలిన గింజ మీదా నత్తల మీదా బతుకుతూ, రోజుకి మైళ్ళ కొద్దీ నడవాలంటే నాటుబాతే నిలబడుతుంది. రైతుకి ఏది కావాలి అన్న ప్రశ్న ఎప్పుడూ గుడ్ల లెక్క దగ్గరే ఆగిపోతుంది. నడక లెక్క ఎవరూ వెయ్యరు.

ఇప్పుడా ఖాళీ ఎలా పూడిపోయిందో చూడాలి. ఒక్కసారిగా ఎవరూ పూడ్చలేదు.

మెరక చేలల్లో ముందు మినుము వచ్చింది. కృష్ణా డెల్టా మాగాణి మినుము పద్ధతి తెలియనివాళ్ళకి వింతగా ఉంటుంది. వరి కోతకి రెండు మూడు రోజుల ముందే నిలబడి ఉన్న పైరులో మినుములు చల్లేస్తారు. కోత అయ్యేసరికి నేల తడికి మొలక వచ్చేస్తుంది. రైతుకి దుక్కి ఖర్చు లేని పంట. బాతుకి ఆ చేను కోతరోజునే మూసుకుపోయినట్టు. మా చిన్నప్పటికే బాతులు పల్లపు చేలకే పరిమితమైపోయాయి, మేం గమనించలేదంతే. ఆ తర్వాత తక్కువ రోజుల వరి రకాలొచ్చాయి. మార్టేరు పరిశోధనా కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 1010 నాలుగు నెలల్లో కోతకొస్తుంది, దాని పేరు కాటన్ దొర సన్నాలు. ఖాళీని పుట్టించిన కాటన్ పేరే ఖాళీని తగ్గించిన వడ్లకి పెట్టారు, ఎవరూ కావాలని చేసింది కాదు. తర్వాత కోతమిషన్లు. మిషను కింద గింజ రాలదని కాదు, బాగానే రాలుతుంది. పోయేది రోజులు. కోత, పన, కుప్ప, నూర్పు అని నెలా నెలన్నర సాగిన పని ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది. మర్నాడు గడ్డి చుట్టలు కట్టే మిషనో అగ్గిపుల్లో వస్తుంది. పరిగె అన్న మాట నా కంటే చిన్నవాళ్ళకి చెప్తే చేప పేరనుకుంటున్నారు. అదీ నిజమే, ఆ పేరుతో చిన్న చేపలున్నాయి.

పల్లపు చేలు మాత్రం మిగిలాయా అంటే, అవి చెరువులయ్యాయి. కొల్లేటి లంకల్లో 1970ల్లో సహకార సంఘాల పేరుతో మొదలైన చేపల చెరువులు సరస్సు లోపలికీ, బయట వరిచేలల్లోకీ పాకాయి. 1999లో కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది, 2006లో ప్రభుత్వం లోపలి చెరువుల గట్లు కొట్టించింది. బయట చెరువుల్ని ఎవరూ కొట్టలేదు, కొట్టరు కూడా. మా తాతయ్య చేను ఇప్పుడు చేపల చెరువు. లీజు డబ్బు ఏడాదికోసారి మా మామయ్య ఖాతాలో పడుతుంది. చెరువు చుట్టూ కొంగలు దిగకుండా వల కట్టారు. నీళ్ళున్నా బాతుకి చోటు లేని నేలని నేను మొదటిసారి అక్కడే చూశాను. ఇందులో నా వంతు ఉంది. నా పెళ్ళికి మామయ్య పెట్టిన ఖర్చు ఆ లీజులోదే.

గుడ్డు సంగతి చూసినా అంతే. కోడిగుడ్డుకి 1982లో నెక్ వచ్చింది. తణుకులో ఇవాళ రేటెంతో హైదరాబాదులో పొద్దున్నే తెలిసిపోతుంది. బాతుగుడ్డుకి అలాంటి రేటు చెప్పేవాళ్ళు లేరు. మనవాళ్ళు నీచు వాసనని తినరు, ఎక్కువగా కేరళకో బెంగాల్‌కో పోతుంది. అంటే లారీవాడు చెప్పిందే ధర. పైగా కేరళలో ఏదైనా జరిగితే ఆ దెబ్బ ఇక్కడ తగులుతుంది. 2014 నవంబరులో కుట్టనాడులో బర్డ్ ఫ్లూ వచ్చి బాతుల్ని గుంపులు గుంపులుగా చంపేశారు, 2021 జనవరిలో మళ్ళీ అదే. అలాంటప్పుడు గుడ్లు కొనేవాడుండడు. గుడ్డు పెట్టడం మాత్రం ఆగదు, రేపటి మేతకి డబ్బూ కావాలి. బాతు కలరా, బాతు ప్లేగు వేరే. రెంటికీ టీకాలున్నాయి. అయితే టీకా వేసే డాక్టరు ఒక ఊళ్ళో ఉంటాడు, గుంపు ఆ ఊళ్ళో నాలుగు రోజులుంటుంది.

ఈ మధ్య పట్నంలో సేంద్రియ వ్యవసాయం మాటలు జరిగే చోటల్లా జపాన్ ఫురునో పేరు వినిపిస్తోంది. వరిపైరులోనే బాతుల్ని వదిలి కలుపు, పురుగు లేకుండా పండించే పద్ధతి ఆయనది, 1980ల చివర్నుంచి చేస్తున్నాడు. బావుంది, ఇక్కడా ఒకరిద్దరు ప్రయత్నిస్తున్నారు, మంచిదే. కాకపోతే అక్కడ చేనూ బాతూ ఒకే రైతువి. మన దగ్గర చేను ఒకరిది, బాతు ఇంకొకరిది, తోలేవాడు మూడోవాడు. ఆ మూడోవాడి గురించే నాకు చాలాకాలం ఆలోచన రాలేదు.

ఇంతవరకు రాసింది ఒక రకంగా విషాదగీతం. ఇలాగే ముగించేద్దునేమో, 2025 మే నెలలో ఆ వార్త చదవకపోయి ఉంటే. తిరుపతి జిల్లాకి చెందిన ఒక యానాది కుటుంబం బాతులు మేపే పనిలో ఉంది. పత్రికల్లో వచ్చిన వివరాల ప్రకారం, 25 వేల రూపాయల అప్పు. భర్త చనిపోయాక భార్య వెళ్ళిపోతానంది. అప్పు వడ్డీతో పెరిగిందన్నారు. అది తీర్చేదాకా తొమ్మిదేళ్ళ కొడుకుని హామీగా అక్కడే ఉంచమన్నారు. ఆవిడ డబ్బు కూడబెట్టుకుని వచ్చేసరికి పిల్లవాడు లేడు. పారిపోయాడని ముందు చెప్పారు. చనిపోతే కాంచీపురం వైపు తీసుకెళ్ళి పాతిపెట్టారని తర్వాత బయటపడింది. పోలీసులు యజమాని కుటుంబాన్ని అరెస్టు చేశారు. జబ్బు చేసి పోయాడని వాళ్ళు చెప్పారు. వెట్టిచాకిరీని రద్దుచేసిన చట్టం 1976 నాటిది.

ఆ రాత్రి నాకు గడ పట్టుకున్న కుర్రాడే కళ్ళ ముందున్నాడు. వాడూ "బాతులోడూ" ఒకే చాపలో పడుకుని ఉండగా చూశానని వాళ్ళు తండ్రీకొడుకులని మేమే అనుకున్నాం. ఎవరమూ అడగలేదు. ఆ బాతులు బాతులోడివేనా అని కూడా అడగలేదు. సంక్రాంతి సెలవుల్లో వాడు మా ఊళ్ళో ఉండటం సరే, మిగతా రోజుల్లో వాడికి బడి ఉందా అన్నది తాతయ్యకి గానీ నాకు గానీ రాని ప్రశ్న. ఆ మంత్రంలాంటి గడ విద్య ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని గంటలు చేస్తే ఒక పిల్లవాడికి అంతలా పట్టుబడుతుంది?

యానాదుల గురించి కాగితాలకి కొదవ లేదు. థర్‌స్టన్ 1909 నాటి ఏడు సంపుటాల్లో చివరిదాంట్లో పేజీలకి పేజీలున్నాయి. వెన్నెలకంటి రాఘవయ్య వాళ్ళ మీద 1962లో ఏకంగా పుస్తకమే వేశారు. తేనె పట్టడం, మందుమూలికలు, ఎలకల వేట, శ్రీహరికోట అడవి అన్నీ తెలుస్తాయి. ఆ అడవిలోకి తర్వాత రాకెట్ కేంద్రం వచ్చి వాళ్ళని బయటికి పంపింది. సొంత నేల లేనివాడికి నేల లేని పనే దొరుకుతుంది. బాతుల గుంపు కొనాలంటే పెట్టుబడి కావాలి, తోలాలంటే కాళ్ళు చాలు. పెట్టుబడి ఉన్నవాడు కాళ్ళున్నవాడికి ముందే అడ్వాన్సు ఇస్తాడు. గుంపు ఊరు దాటుతుంది. ఏ ఊళ్ళోనూ నాలుగు రోజులకి మించి ఉండని మనిషి అప్పు సంగతి ఏ తాసిల్దారుకి చెప్పుకుంటాడు? మేత కోసం తిరిగే గుంపుకి ఖాళీ చేను ఎంత అవసరమో, ఆ మనిషి బంధనం కనపడకుండా ఉండటానికీ ఆ తిరుగుడు అంతే పనికొచ్చింది. నేను ఇంతసేపూ ముచ్చటగా చెప్పిన ఖాళీలో ఇదీ ఉంది.

గుంపులు ఆగిపోలేదు, దారి మార్చుకున్నాయి. నాగార్జునసాగర్ ఎడమకాలవ కింద ఇప్పుడు వరి తప్ప ఇంకోటి లేదు. పోయిన డిసెంబరులో మిర్యాలగూడ దాటాక రోడ్డు పక్కన ఆ గోల వినపడి కారు ఆపాను. మిషను కోసిన చేను. నీలం పట్టా గుడారం, చుట్టూ పాత చేపలవలతో కట్టు, ఒక బైకు, ఒకదాని మీద ఒకటి పేర్చిన గుడ్ల అట్టలు. పదిహేను వందల బాతులట. గుడారం ముందు ఒకావిడ బియ్యం ఏరుతోంది. భర్త వలకట్టు సరిచేస్తున్నాడు.

"ఎక్కడ్నుంచి వచ్చారు?" అన్నాను.

"గూడూరు కాడ్నుంచక్కా," అంది ఆవిడ. "లారీలో దించిపోయినారు. ఈడ అయిపోతానే ఇంకో కాడికి. సంక్రాంతి దాటినాక ఎనక్కి."

"రైతులు రానిస్తున్నారా?"

"రానీక ఏంజేస్తారు? మిషనోడు గింజ పారబోసి పోతాడు, అది మొలిస్తే నారుమడికి కలుపు గదా. మావి ఏరుకు తింటాయి. కొందురు దుడ్లడుగుతారు, కొందురు గుడ్లడుగుతారు. ఒకాయన ఏమీ ఒద్దన్నాడు, ఆయన చేలోనే ఇప్పుడుండాం."

"పోయినేడు మందుగొట్టిన చేలో దిగి నూట యాభై పోయినాయి," అన్నాడు భర్త, అటునుంచే. "అడిగితే కొట్లేదన్నాడాయన."

"ఆ నష్టం ఎవరిది?"

అతను వల ముడి వేసుకోవడం ఆపాడు. "మాదే మేడం. లెక్కలో రాసుకున్నారు."

ఎవరు రాసుకున్నారని అడిగాను. ఓనరు అన్నాడు. ఇంకా ఎంత ఉందని అడిగాను. ఆవిడ బియ్యం చాట పక్కన పెట్టి అతని వంక చూసింది. అతను బాతుల వంక చూశాడు. నేను ఇంకెక్కువ అడగలేకపోయాను. లేబరు ఆఫీసు నంబరు ఒకటి నా ఫోన్లో ఉంది, ఇలాంటప్పటి కోసమే దాచుకున్నది. ఇస్తే తీసుకున్నాడు. చొక్కా జేబులో పెట్టుకోలేదు, గుడారం కర్రకి వేలాడే సంచిలో అడుగున పెట్టాడు.

చేలో అవతలి గట్టు దగ్గర ఒక కుర్రాడు గడ పట్టుకుని ఉన్నాడు. పదేళ్ళుంటాయి. గడ కొసన ఇప్పుడు గుడ్డ కాదు, ఎరువుల బస్తా ముక్క. మీ అబ్బాయేనా అన్నాను. మా వాడేనక్కా, ఆదివారం గదా అని వచ్చినాడు అంది ఆవిడ. ఆ రోజు బుధవారం.

గట్టు మీద నడుచుకుంటూ వాడి దగ్గరకి వెళ్ళి పేరు అడిగాను. చెప్పాడు. వెనక్కి వచ్చి, మీ గురించి రాసుకోవచ్చా అని వాళ్ళ నాన్నని అడిగాను. "పేర్లు గీర్లు ఒద్దు మేడం," అన్నాడు. "ఓనరు కొడుకు ఫోన్లో అన్నీ చదవతాంటాడు."

పొద్దు వాలుతుంటే కుర్రాడు గడని ఎడమవైపు చాపాడు. పదిహేను వందల బాతులు కుడివైపు తిరిగి, వలకట్టు నోట్లోకి వరస కట్టాయి. తండ్రి నోటి దగ్గర కూర్చుని రెండేసి చొప్పున లెక్కపెట్టుకుంటున్నాడు. మధ్యలో పలకరిస్తే లెక్క తప్పుతుందని నేను కారు దగ్గరకి వచ్చేశాను.